వాచింది ఒక్క కాలే

మా ఉద్దానంలో మనిషి ఎదురైతే ముందు మొహం చూడరు, పాదాలు చూస్తారు. బాగున్నావా అని నోరు అడుగుతుంటాది గానీ కళ్ళు కిందనే ఉంటాయి. చెప్పు పట్టీ అచ్చు లోతుగా పడిందా, చీలమండ ఎముక కనబడుతోందా లేదా అని. మరీ దగ్గరోళ్ళయితే వంగి బొటనవేలితో నొక్కి చూసీస్తారు. నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయిందంటే ఇంక ఆ పూట ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. కిడ్నీ జబ్బు మా దగ్గర అంతమందిని తీసుకుపోయింది మరి. మా అన్నయ్యని కూడా. నా కాలి కథ చెప్పాలంటే ముందు ఈ సంగతి చెప్పాలి. లేకపోతే ఒక మామూలు నరాల జబ్బుకి ఇంటిల్లిపాదీ నన్ను శవం కింద ఎందుకు జమకట్టీసేరో మీకు అర్థం కాదు.

నా పేరు సలోమి. కన్నోరిది సోంపేట అవతల, జలంత్రకోట దగ్గర కొబ్బరి తోటల్లో పల్లె. అత్తవారిది కాశీబుగ్గ. నేనూ మా ఆయన యోహానూ టిఫిన్ హోటల్ నడుపుతాం. హోటలంటే పెద్దదేం కాదు, నాలుగు బల్లలూ ఒక పెనమూ. పెనం దగ్గర నేను, బల్లల దగ్గర ఆయన. జీడిపప్పు ఫ్యాక్టరీలకెళ్ళే ఆడవాళ్ళు తెల్లారకుండానే వచ్చీస్తారు. ఆ తర్వాత పలాస స్టేషన్లో రైలు దిగినోళ్ళు. వాళ్ళ తర్వాత బజారు పనులకొచ్చినోళ్ళు. చీకటితో పెనం ముందు నిలబడితే ఎండ నడినెత్తికొచ్చేదాకా నిలబడే ఉండాలి. నిలువుకాళ్ళ కొలువు, ఆపైన పొయ్యి సెగ.

రెండో పిల్ల పుట్టాక ఎడం కాలి పిక్క మీద నరాలు తేలేయి. మొదట వానపాముల్లాగ ఉండీవి, పోగా పోగా తాళ్ళయ్యాయి. సాయంత్రానికి కాలు ఎంత బరువెక్కిపోయేదంటే, ఎవరిదో కాలు తెచ్చి నాకు తగిలించినట్టుండేది. తొంభై ఎనిమిది వేసవిలో, పిల్లలకి బడి సెలవులిచ్చాక, విశాఖ వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నాను. గజ్జల్లో ఒక కోత, చీలమండ దగ్గర ఒక కోత, మధ్యలో ఉన్న నరాన్ని లాగీసేరు. దాని పేరు వేరికోస్ వెయిన్స్ అని అక్కడే విన్నాను. రెండు నెలలు తిరిగేసరికి కాలు నున్నగా అయిపోయింది. చీర పిక్కలదాకా ఎత్తి "సూడు మావా" అని మా ఆయనకి చూపించి మురిసిపోయాను. "సూసేన్లే. ఇంక దించు, గిరాకీలొత్తన్నారు" అన్నాడు.

ఎక్కువసేపు నిలబడొద్దమ్మా అని డాక్టరుగారు చెప్పారు. సరేనండీ అన్నాను, తిరిగొచ్చి పెనం ముందు నిలబడ్డాను. ఇంకేటి చేస్తాను? అట్లు కూచుని ఎవరు పోస్తారు?

మధ్యలో, రెండువేల ఒకటిలో, అన్నయ్య పోయాడు. రెండు పాదాలూ వాచేయి, తర్వాత మొహం వాచింది, ఆఖర్న అన్నం వాసనకే వాంతులయ్యేవి. మా వదిన మరియమ్మ ఆయన్ని పట్టుకుని కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగింది. టెక్కలి, శ్రీకాకుళం, విశాఖ, అక్కడినించి బరంపురం. ఏ ఊళ్ళో డాక్టరైనా మొదటి మాట ఒకటే అన్నాడట, ఇంత ఆలస్యంగా తెచ్చావేమ్మా అని. 

ఇంక రెండువేల మూడు వర్షాకాలం. ఎడం చీలమండ పైన దురద మొదలైంది. చర్మం నల్లబడి, ఎండిన చింతపండు పెచ్చులాగ గట్టిపడింది. సాయంత్రానికి వాపు. పిక్క వెనకాల, ఇదివరకు లేని చోట, మళ్ళీ ఉబ్బులు. ఇక్కడే నా బుర్ర ఎలాగ పనిచేసిందో వినండి. నరం తీసీసేరు కదా. తీసీసిన నరం మళ్ళీ ఎలాగొస్తాది? కాబట్టి ఇది నరం కాదు. నరం కాకపోతే కాలు వాచడానికి ఇంకేటుంటాది? మా ఊళ్ళో ఆ ప్రశ్నకి రెండో జవాబు లేదు.

ఎవరికీ చెప్పలేదు. చీర కుచ్చిళ్ళు నేల తుడిచేటట్టు కట్టడం మొదలెట్టాను. కొత్త ఫ్యాషనేటి అని మా ఆయన నవ్వేడు.

వదినని మాత్రం మోసం చెయ్యడం ఎవరి తరం? కొబ్బరికాయలు బజార్లో అమ్మకానికి వెయ్యడానికి కాశీబుగ్గ వచ్చినప్పుడల్లా మా హోటల్లో టీ తాగి వెళ్ళేది. ఒకరోజు అలాగే వచ్చి, గ్లాసు పక్కన పెట్టి, పెనం ముందున్న నా కాళ్ళ దగ్గర గొంతుక్కూచుంది. కుచ్చిళ్ళు పక్కకి లాగి ఎడం కాలు మీద బొటనవేలు నొక్కింది. గుంట పడింది. ఆవిడా నేనూ ఇద్దరం ఆ గుంట వంకే చూస్తున్నాం. పెనం మీద అట్టు మాడిపోయింది.

సాయంత్రానికి మా ఆయనకి తెలిసింది, మర్నాటికి మా అత్తకి తెలిసింది, ఆదివారానికి చర్చిలో సంఘం మొత్తానికి తెలిసిపోయింది. ఉప్పు మానిపించేరు. పప్పు మానిపించేరు. మా అత్త నాకోసం వేరే గిన్నెలో చప్పటి కూర వండి, అది నా ముందు పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయేది. తినే బుద్ధి ఎవరికుంటాది అలాగైతే? మా ఆయన అసలు మాట్లాడ్డమే మానేసేడు. ఏటి మావా అంటే ఏటీ లేదు అంటాడు, పెరట్లోకెళ్ళిపోతాడు. నామీద కోపమనుకుని నాకూ కోపమొచ్చి, ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర ఎడమొహం పెడమొహంగా పనిచేశాం.

ఆ నెలలోనే మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టేరు. సంఘం ఆడవాళ్ళందరూ వచ్చి చాపల మీద కూచున్నారు. మంచోళ్ళే, నామీద ప్రేమతోనే వచ్చేరు, కాదన్ను. కానీ నా ముందే "ఎంత మంచిదో పాపం" అని మాట్లాడుకున్నారు. కాశీబుగ్గలో నా నోటికి జడవని మనిషి లేదు. అలాంటిదాన్ని మంచిదన్నారంటే సంగతి ఎంతదాకా వచ్చిందో ఆలోచించుకోండి. తర్వాత పాటలు ఎత్తుకున్నారు. అన్నీ అవతలి ఒడ్డు పాటలే, పరలోకం పాటలే. మూడో పాటకి మా ఆయన గోడకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒలే, నాను ఇంకా బతికే ఉన్నానే! బతికున్నోళ్ళు ఇనే పాట ఒక్కటైనా రాదేటి మీకు?" అన్నాను.

అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. పాస్టరమ్మగారు పాపం గబగబా క్రిస్మస్ పాట అందుకుంది, అది భాద్రపదమాసం.

నవ్వొస్తాది ఇప్పుడు. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. రక్తపరీక్ష చేయించుకోమని వాళ్ళూ వీళ్ళూ అంటూనే ఉన్నారు. రేపు, రేపు అనేదాన్ని. పరీక్ష చేయించుకోనంత కాలం అది నా అనుమానమే. కాగితం మీద అంకె పడిందంటే ఇంక అది జబ్బు. అన్నయ్య చేతిలో ఆ కాగితం చూశాను నేను. ఆ కాగితం వచ్చిన దగ్గర్నించీ ఆయన తన కొబ్బరి చెట్ల వంక కూడా సరిగ్గా చూడలేదు. నా పిల్లలు అప్పటికింకా బళ్ళోనే ఉన్నారు.

ఈలోగా బల్ల మూల తగిలి చీలమండ పైన చిన్నగా గీరుకుంది. మామూలుగా అయితే రెండ్రోజుల్లో మానిపోవాలి. ఇది మానలేదు సరికదా, పెద్దదైంది. నీరు కారేది. గుడ్డ చుట్టి, పైన కుచ్చిళ్ళు కప్పి అట్లు పోశాను. తినేవాళ్ళకి తెలిస్తే ఇంకేటైనా ఉందా? దీపావళి దాటేక ఒకరోజు వదిన మళ్ళీ వచ్చి ఆ గుడ్డ విప్పించింది. పుండు చూసింది. ఏడుస్తాదనుకున్నాను. పొయ్యి ఆర్పీసింది.

"మీ అన్నియ్య కూడా రేపు రేపన్నాడు. నాను ఇన్నాను. నీది ఇనను. లెగు" అంది.

"గిరాకీలున్నారొదినా."

"ఆళ్ళు పస్తుంటే సావరు. లెగూ!"

టెక్కలి బస్సెక్కించింది. నా కాలు తన ఒళ్ళో పెట్టుకోమంటే నేను సిగ్గుపడి పెట్టలేదు, దించితే పుండు సలుపు, ఎత్తితే కండక్టరు తిట్టు. ఎలాగో దిగేం.

ఆ ఆసుపత్రి వరండాలో కూచున్నోళ్ళలో సగంమంది మా ఉద్దానపోళ్ళే. ఎలాగ తెలిసిందంటారా, వచ్చిన ప్రతివాళ్ళ పాదాలకేసే చూస్తున్నారు. సముద్రం ఒడ్డు పల్లెనించి ఒక పెద్దావిడ మొగుణ్ణి తీసుకుని వచ్చింది. పొద్దున్న చేపలు అమ్ముకుని అట్నించటే వచ్చినట్టుంది, ఖాళీ గంప పక్కనే ఉంది. నేను కాలు దించలేక ఎత్తలేక అవస్థ పడుతుంటే చూసి, గంప బోర్లించి నా ముందుకి తోసింది. "దీనిమీన పెట్టమ్మా. కంపు కొడతాది గానీ మెత్తగుంటాది" అంది. ఆ రోజు నాతో జబ్బు గురించి కాకుండా వేరే మాట మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే. ఏ చేప ఏ నెలలో రుచో చెప్పింది. నా పేరు పిలిచేసరికి నాకు లోపలికెళ్ళబుద్ధి కాలేదు.

డాక్టరుగారు పెద్ద వయసాయన. కుర్చీలోంచి లేచొచ్చి, రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టమన్నారు.

"ఏ కాలు వాచింది?"

"ఇదేనండి, ఎడమది."

"కుడిది?"

"అది బాగానే ఉందండి."

"ఎన్నాళ్ళ బట్టీ బాగానే ఉంది?"

"ఎప్పుడూ బాగానే ఉందండి."

"అయితే కిడ్నీకి నీ ఎడం కాలు మీదే కోపమేటమ్మా?" అన్నారాయన.

నేను వదిన మొహం చూశాను, వదిన నా మొహం చూసింది. ఇంత మందిమి, ఇన్ని నెలలు, నొక్కినోళ్ళందరూ ఎడం కాలే నొక్కారు. కుడి కాలు వంక చూసిన పాపాన ఎవరూ పోలేదు. కిడ్నీ చెడితే రెండు పాదాలూ వాస్తాయి, కంటి కింద కూడా ఉబ్బుతాది అన్నారు డాక్టరుగారు. ఆ సంగతి మా ఇంటికన్నా ఎవరికి బాగా తెలుసు? అన్నయ్యకి రెండూ వాచేయని మాకు తెలీదేటి? తెలుసు. భయానికి లెక్కలు రావు, అంతే.

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క పట్టీసి, ఊపిరి కష్టమైతే అది వేరే సంగతి, రక్తం గడ్డ కట్టినట్టు, అప్పుడు ఆ పూటే పరిగెత్తాలి అని కూడా చెప్పారు. నాకలాంటిది లేదు. గజ్జల్లో పాత కోత గుర్తు చూసి, నన్ను నిలబెట్టి పిక్క వెనకాల తడిమి, నరాల జబ్బే తిరగబెట్టింది అన్నారు. "అయినా మీ ఊరు ఉద్దానం కాబట్టి రక్తం చూడకుండా పంపను" అన్నారు. చెయ్యి చాపేను. ఆ సాయంత్రం దాకా ఆ వరండాలో ఎలాగ కూచున్నానో దేవుడికే తెలుసు. వచ్చిన ప్రతి నర్సు చేతిలోదీ నా కాగితమే అనిపించేది. ఆఖరికి డాక్టరుగారే బయటికొచ్చి, నిలబడే చెప్పారు, నీ కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి, వెళ్ళి ఉప్పేసుకుని అన్నం తినమ్మా అని.

ఎదురుగా ఉన్న హోటల్లో ఆవకాయ వేయించుకుని తిన్నాం. కళ్ళలో నీళ్ళు కారేయి. కారం వల్లనే అని ఇద్దరం ఒకరికొకరు చెప్పుకున్నాం.

బతుకుతానని తెలిసేక కాలి సంగతి పట్టింది. సంక్రాంతి వెళ్ళాక విశాఖలో డాప్లర్ స్కానింగు తీసేరు. కాలికి చల్లటి జిగురు రాసి చిన్న యంత్రం పెట్టి కదుపుతుంటే, లోపల రక్తం వెనక్కి జారే చప్పుడు బయటికి వినిపించింది. అక్కడ ఆడ డాక్టరు. నేను ముందుగా అడిగిందొకటే, తీసీసిన నరం మళ్ళీ ఎలాగొచ్చింది, ఆపరేషన్ సరిగా చెయ్యలేదా అని. "తీసిన నరం రాలేదమ్మా. చేనుకి ఒక కాలవ మూసీస్తే నీళ్ళు ఇంకోచోట గట్టు తెంపుకోవా? అదీ ఇదీ ఒకటే" అంది. గజ్జల్లో కోత మానిన చోట సన్నటి కొత్త నరాలు మొలిచాయట. పిక్క వెనక, అప్పట్లో బాగున్న నరం ఇప్పుడు పాడైందట. కొంతమందికి అలాగ తిరగబెడుతుందట, ఎవరి తప్పూ కాదట.

మా ఆయన మళ్ళీ ఆపరేషనే చేసీమన్నాడు. "కోసీయండమ్మా, పీడా పోతాది."

"పాత మచ్చ మీదే మళ్ళీ కొయ్యాలి బాబూ. లోపలంతా అతుక్కుని ఉంటుంది. మొదటిసారి అంత సులువు కాదు. చెయ్యకూడదని కాదు, ముందు మిగతావి చూద్దాం" అందావిడ.

లేజరని కొత్తగా వచ్చిందని పేపర్లో చదివాను, దాని గురించి అడిగాను. నరంలోకి సన్నటి తీగ పంపి లోపల్నించి కాలుస్తారట. నరం తిన్నగా ఉంటే మంచిదేనట, నావి చిక్కుపడిన వలలాగ వంకరటింకర, తీగ వెళ్ళదంది. ఇంకోటి సూది. మందుని నురగ చేసి, స్కానింగులో చూసుకుంటూ ఆ పాడైన నరాల్లోకి ఎక్కిస్తే అవి మూసుకుపోతాయట. ఇవన్నీ పుండు మానేకే. పుండు మానాలంటే గట్టి కట్టు, కాలు పైకెత్తి పడుకోడం.

"మళ్ళీ రాదని మాటిత్తారా?" అని మా ఆయన అడిగాడు.

"ఇవ్వను. ఏది చేసినా మళ్ళీ రావచ్చు. వస్తే మళ్ళీ చూసుకుందాం."

మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. నాకు మాత్రం ఆ మాటతోనే ఆవిడ మీద గురి కుదిరింది. మంచం మీద పడుకున్నదాన్ని నేను, కాలు నాది. సూదికే ఒప్పుకున్నాను.

ఆ వేసవంతా కట్టుతోనే. పాదం నించి మోకాలిదాకా పొరలు పొరలుగా బిగించి, వారం వారం టెక్కలిలో మార్చేవారు. కట్టు లోపల చెమట, దురద, ఉక్క. దబ్బనం పెట్టి గోకీసుకుందునా అనిపించేది. మంచం కాళ్ళ వైపు ఇటుకలు పెట్టి తల కిందికి వాలేటట్టు పడుకునేదాన్ని. పెనం మా ఆయన చేతికొచ్చింది. ఆయన పోసిన అట్టు ఒక వైపు పచ్చి, ఒక వైపు బొగ్గు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు లోపలికొచ్చి "అప్పా, బేగి లెగు, మీ ఆయన మమ్మల్ని సంపీసేటట్టున్నాడు" అనేవారు. ఆ మాట ఏ ప్రార్థన కన్నా ఎక్కువ బలమిచ్చింది నాకు. ఒకరోజు రాత్రి అన్నం పెడుతూ ఆయనే అన్నాడు, ఆ కూటం రోజున నిన్ను పాతిపెట్టడానికి నల్లచీర కొనాలా తెల్లచీర కొనాలా అని కూడా అనుకున్నానే, నన్ను కొట్టు అని. కొట్టలేదు. అన్నం రెండోసారి పెట్టించుకున్నాను.

తొలకరి పడేసరికి పుండు మూసుకుంది. తర్వాత సూదులు. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టుంటాది, ఆ వెంటనే కాలిలో చల్లగా ఏదో పాకుతాది. నరాలు గట్టి తాళ్ళలాగ అయ్యి కొన్నాళ్ళు నొప్పెట్టాయి, మెల్లిగా కరిగేయి. గోధుమరంగు మచ్చలు ఉండిపోయేయి. ఉండనీ, నాకేటి పెళ్ళిచూపులున్నాయా? రోజూ మంచం దిగకముందే బిగువు మేజోడు తొడగాలి. అది తొడగడం ఒక కుస్తీ. ఎత్తు స్టూలు ఒకటి చేయించి పెనం ముందు వేయించుకున్నాను. అట్లు కూచుని కూడా పోయొచ్చు. మొదట్లో జనం నవ్వేరు. నవ్వి, తిని వెళ్ళేరు. రెండువేల అయిదులో పిక్క పక్కన చిన్న నరం మళ్ళీ తేలింది. వెళ్ళి సూది వేయించుకుని సాయంత్రం బస్సుకి వచ్చీసేను. భయం వెయ్యలేదు.

ఇక్కడితో ఆపీస్తే బాగుండును. కానీ నా కథ మా కన్నోరి ఊళ్ళో ఏం చేసిందో చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టవుతాది.

సలోమిది కిడ్నీ కాదట, నరమట అని ఊరంతా పాకిపోయింది. ఆ మాట అందరికీ తియ్యగా ఉంది. కాలు వాచిన ప్రతివాళ్ళూ "నాదీ సలోమి నరమేలే" అనడం మొదలెట్టారు. మేజోడు ఎక్కడ దొరుకుతాదని అడిగేవారే గానీ, ఎన్ని కాళ్ళు వాచేయని నేనడిగితే మాట మార్చీసేవారు. నరం మంచి సాకైపోయింది. నా నోరు ఎంత పెద్దదైనా ఊరందరి చెవిలో ఊదలేను కదా.

రెండువేల ఆరు చలికాలంలో వదిన టీ తాగడానికొచ్చింది. బల్ల దగ్గర కూచోకుండా గుమ్మం పక్కన చీకట్లో నిలబడింది. కుచ్చిళ్ళు నేల తుడుస్తున్నాయి. నేను స్టూలు దిగేను, వంగేను. రెండు పాదాలూ నొక్కేను. రెండు గుంటలు.

"నీకులాగ నరమేలేవే" అంది వదిన. ఆ మాట వదిన నోట్లోంచి వచ్చింది. నాకోసం పొయ్యి ఆర్పిన వదిన.

ఏం తేలిందో ముందే చెప్పీస్తాను, మిమ్మల్ని ఊరించడం నాకిష్టం లేదు. కిడ్నీయే. కాకపోతే చాలా చెడక ముందే తెలిసింది. మాత్రలు, పథ్యం, నెల నెలా పరీక్ష. ఇది రాస్తున్నప్పటికి వదిన తన కొబ్బరికాయలు తనే వేసుకుంటోంది. రేపు ఎలాగుంటాదో డాక్టరుగారు చెప్పలేదు, మేం అడగలేదు. మీ పాదాలు వాచి ఉంటే, ఒక్కటో రెండో మీరే చూసుకోండి, ఒక్కటైనా రెండైనా బస్సెక్కండి. నా కథ చదివి ధైర్యం తెచ్చుకుని ఇంట్లో కూచోకండి. నేను చెప్పదల్చుకున్నది అదీ.

ఈసారి వదినని టెక్కలి బస్సెక్కించింది నేను. అదే వరండాలో తన కాగితం కోసం చూస్తూ కూచున్నప్పుడు వదిన నావైపు తిరక్కుండా మాట్లాడింది.

"ఒలమ్మీ, నీది నరమని తేలినరోజు నాకు కుళ్ళొచ్చిందే. నువ్వు బతకాలనే తెచ్చేను. నువ్వు బతుకుతావని సెప్పగానే నాకు కుళ్ళొచ్చింది. ఆయనది కూడా నరమే అయ్యుంటే ఏటి పోయింది దేవుడికి అని."

మళ్ళీ తనే అంది, పాదాల వంక చూసుకుంటూ.

"నాది నరమేనని సెప్పవే. ఆళ్ళు పిలిచేదాకా. ఆ ఒక్క కాసేపు."

నాకు అబద్ధాలు నాలిక చివరే ఉంటాయి. గిరాకీలతో రోజుకెన్ని ఆడతానో లెక్కలేదు. ఆ ఒక్కటీ మాత్రం రాలేదు. వదిన కాళ్ళు రెండూ ఎత్తి నా ఒళ్ళో పెట్టుకున్నాను. వద్దే, జనం సూత్తన్నారు అని లాక్కోబోయింది. వదల్లేదు. వరండాలో అందరూ ఆ పాదాల వంకే చూస్తున్నారు. చూడనిచ్చాను.